యంత్రకృతానుక్రమణి: అరకు లోయ నుండి ఒక విన్నపం

అనుక్రమణి అనే ప్రక్రియ మనకు కొత్తది కాదు. కాత్యాయనుని సర్వానుక్రమణి ఋగ్వేదంలోని ప్రతి సూక్తానికీ తొలి పదాన్ని, ఋక్కుల సంఖ్యను, ఋషిని, దేవతను, ఛందస్సును సూత్రరూపంలో చెబుతుంది. శౌనకుని పేర ప్రసిద్ధమైన అనుక్రమణులు ఋషులకు ఒకటి, ఛందస్సులకు ఒకటి, అనువాకాలకు ఒకటిగా ఉన్నాయి. ఒకే సంహితకు ఇన్ని ఎందుకని విద్యార్థి అడిగితే, వెదకేవాడు ఒక్కడు కాడు గనుక అని చెప్పాలి. దేవత పేరు తెలిసినవాడు ఒక దారిన వస్తాడు, ఛందస్సు తెలిసినవాడు మరొక దారిన వస్తాడు. గ్రంథం తన మాటలతో తాను ఉంటుంది. అనుక్రమణి మాత్రం వెదకేవాడి మాటతో మొదలు కావాలి. ఈ చిన్న సంగతిని మరచినందువల్ల కలిగే నష్టాన్ని గురించి పండితలోకానికి కొంత విన్నవించదలిచాను. సందర్భం వేదం కాదు; అరకు లోయలో ఒక కంప్యూటరు.

2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకు లోయకు పైన, కొండ అంచున, కొందరు యువకులు నడిపే ఒక చదువుల గది ఉంది. అక్కడ వానకాలంలో ఫోను సంకేతం రోజుల తరబడి అందదు. అందుచేత వారు కొన్ని వందల వెబ్ పుటలను ఒకే ఫోల్డరులో నిలువచేసి, అంతర్జాలం లేకుండానే బ్రౌజరులో తెరచి చూపే ఏర్పాటు చేసుకున్నారు. అన్నీ సహాయపు పుటలే. అటవీహక్కుల దరఖాస్తు ఎట్లా పెట్టాలి, కాఫీ మొక్కను కాండం తొలిచే పురుగు నుండి ఎట్లా కాపాడాలి, మలేరియా జ్వరానికి ఏ మందు ఎన్ని రోజులు, పింఛను ఆగిపోతే ఎవరిని అడగాలి, ఇటువంటివి. పుటలు పెరిగినకొద్దీ ఏది ఎక్కడ ఉందో వారికే తెలియకుండా పోయింది. అప్పుడు ఒక ఉచిత ప్రోగ్రామును ఆ ఫోల్డరు మీద నడిపితే కాఫీ తాగి వచ్చేలోగా అనుక్రమణి తయారయిందట. దానిలో అచ్చుతప్పులు చూడమని నన్ను పిలిచారు. నేను చూసినవి అచ్చుతప్పులు కావు.

యంత్రం చేసే పని చెప్పడానికి సులభమే. ఫోల్డరులోని ఒక్కొక్క ఫైలును తెరుస్తుంది. పుటకు రూపమిచ్చే గుర్తులను తీసివేసి పాఠాన్ని మాత్రం ఉంచుకుంటుంది. ఖాళీ ఉన్నచోటల్లా పాఠాన్ని తెంచి, తెగిన ముక్కను పదమనుకుంటుంది. ‘మరియు’, ‘యొక్క’, ‘కూడా’ వంటి మాటలను వదలివేస్తుంది. మిగిలిన ప్రతి పదానికీ ఎదురుగా అది కనిపించిన పుటల జాబితా వ్రాసి, అన్నిటినీ వరుసలో పేర్చుతుంది. ఇంగ్లీషు గ్రంథసూచికలకు ఐ.బి.ఎమ్. సంస్థలో హాన్స్ పీటర్ లూన్ 1950ల చివరలో చూపిన దారి ఇదే. ఆయన ఇంకొక మంచి పని కూడా చేశాడు: పదాన్ని ఒంటరిగా కాక, అటూ ఇటూ ఉన్న నాలుగు మాటలతో కలిపి చూపాడు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇంగ్లీషుకు ఈ పద్ధతి చాలవరకు సరిపోతుంది. తెలుగుకు ఖాళీ వద్ద తెంచితే దొరికేది పదం కాదు. ఆ అనుక్రమణిలో ‘భూమి’, ‘భూమికి’, ‘భూమిలో’, ‘భూమిని’, ‘భూములకు’ అని వేరువేరు ఆరోపాలు, వాటి ఎదుట వేరువేరు పుటలు. అంతవరకు పక్కపక్కనే ఉన్నాయి గనుక కన్ను సర్దుకుంటుంది. ‘నుయ్యి’ దగ్గర చూస్తే ఏమీ లేదు. నూతినీటిలో మందు కలపడం గురించిన పుట ‘నూతిలో’ అనే ఆరోపం కింద ఉంది. ‘ఇల్లు’ ఒకచోట, ‘ఇంటి’ ఒకచోట, ‘ఇళ్ళకు’ ఒకచోట. ‘నోరు’ అని వెదికిన తల్లికి ‘నోటిపూత’ దొరకదు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలను విధించినప్పుడు ఒకనాడు కంప్యూటరు వాటిని తెలుసుకోవలసి వస్తుందని అనుకొని ఉండడు. కాని మన కళాశాలలో ప్రథమవర్షం విద్యార్థి సూత్రంతో సహా చెప్పగల విషయం అది.

సమాసాలలో ఇబ్బంది ఇంకా లోతైనది. ‘తల్లిదండ్రులు’ అనే మాటలో ‘తండ్రి’ లేడు, ‘దండ్రి’ ఉన్నాడు. ‘అన్నదమ్ములు’లో తమ్ముడి తొలి అక్షరమే మారిపోయింది. ‘కూరగాయల’లో కాయ కనిపించదు. ‘వనాధికారి’లో అధికారి దీర్ఘంలో దాగి ఉన్నాడు. ఇవన్నీ గసడదవాదేశమనీ సవర్ణదీర్ఘమనీ మనకు తెలుసు. యంత్రానికి ఎవరూ చెప్పలేదు. ఎవరో కొంత చెప్పబోయారు కూడా. పదాల చివర ‘కు’, ‘లో’, ‘ను’, ‘లు’ ఉంటే కత్తిరించమని ఒక చిన్న పట్టిక ఆ ప్రోగ్రాములో ఉంది. దానిని పనిచేయించి చూపమన్నాను. ‘భూమి’ ఆరోపాలు చాలావరకు ఒకటయ్యాయి. ‘పాలు’ మాత్రం ‘పా’ అయింది, ‘ఆకు’ ‘ఆ’ అయింది. నవ్వుకున్నాము గాని, బాలింత పాల గురించిన పుట ‘పా’ వద్ద ఉన్నదని ఎవరు ఊహిస్తారు?

అక్షరక్రమం మాట చెప్పాలి. బడిలో పిల్లలు య, ర, ల, వ, శ, ష, స, హ, ళ, క్ష, ఱ అని నేర్చుకుంటారు. యూనికోడు సంఖ్యాక్రమంలో ళ వెంటనే ల పక్కకు వస్తుంది, ఱ వచ్చి ర పక్కన కూర్చుంటుంది. ఆ లెక్కన ‘కళ’ ముందు, ‘కవి’ తరువాత. ‘క్షయ’ వ్యాధి గురించి చూడదలచిన పిల్లవాడు వర్ణమాల చివరకు వెళ్ళి, లేదని వెనుదిరిగాడు. అది క కింద ఉంది. ఇది దిద్దుకోదగినదే. వరుస నియమాన్ని ఒకసారి వ్రాసి ఇస్తే యంత్రం ఎన్నడూ తప్పదు, మనుషులే తప్పుతారు.

కంటికి కనిపించనివి మరికొన్ని ఉన్నాయి. ‘ఫారమ్‌లు’ వంటి మాటలో పొల్లుకు తరువాతి అక్షరం వత్తుగా మారకుండా ఆపడానికి కొందరు ఒక అదృశ్యమైన గుర్తును పెడతారు, కొందరు పెట్టరు. చూపుకు దాదాపు ఒకటిగానే ఉన్న రెండు మాటలు యంత్రానికి రెండు వేరు పదాలు. పాత డి.టి.పి. ఖతులలో కూర్చిన పుటల సంగతి ఇంకా దయనీయం. వాటిలో ఉన్నది తెలుగు అక్షరం కాదు, తెలుగు బొమ్మ తొడిగిన రోమను సంకేతం. అవన్నీ అనుక్రమణి మొదట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా పడి ఉన్నాయి. తెలుగుకు యూనికోడులో 1991లోనే స్థానం దక్కినా, మన కార్యాలయాల పాత ఫైళ్ళు చాలావరకు ఆ బొమ్మల్లోనే ఉండిపోయాయి. మైక్రోసాఫ్టు సంస్థ 1997లో తెచ్చిన హెచ్‌టిఎమ్‌ఎల్ హెల్ప్ పద్ధతి సహాయపు పుటలన్నిటినీ ఒక పెట్టెలో కూర్చి పక్కన అకారాది సూచికను చూపేది. అది యూనికోడును ఆధారం చేసుకొని కట్టినది కానందువల్ల తెలుగు అందులో సరిగా ఇమడలేదు. ఇటువంటి ఫోల్డర్లకు పెట్టె కట్టకుండా పుటలను విడిగా ఉంచి విడిగా అనుక్రమణి చేసుకోవడానికి అదీ ఒక కారణం.

ఇంతవరకు చెప్పినవి వ్యాకరణ దోషాలు. వీటిని గురించి మాత్రమే అయితే నేను ఈ వ్యాసం వ్రాయకపోదును.

నేను అక్కడ ఉన్న రోజున ఒక వృద్ధుడు మనుమరాలిని వెంటబెట్టుకొని కొండ దిగి వచ్చాడు. ‘బాబూ, మా పోడు కాయితం కొట్టేసినారు, ఏటి చేయాల?’ అని అడిగాడు. గది నడిపే యువకుడు అనుక్రమణిలో ‘పోడు’ చూశాడు. మొక్కల పెంపకం పుట ఒకటి వచ్చింది. ‘కొట్టేయడం’ లేదు. ‘కాయితం’ లేదు. నిజానికి ఫోల్డరులో ఆ విషయం మీద చక్కని పుట ఉంది. దాని శీర్షికలో ‘తిరస్కృత క్లెయిములు’, ‘పిటిషను’ అనే మాటలు ఉన్నాయి. 2006 నాటి అటవీహక్కుల గుర్తింపు చట్టం ప్రకారం గ్రామసభ తీర్మానం వల్ల నష్టపడినవాడు తీర్మానమైన 60 రోజులలోగా సబ్‌డివిజన్ స్థాయి కమిటీకి పిటిషను పెట్టుకోవచ్చు. అక్కడి నిర్ణయం మీద మళ్ళీ 60 రోజులలోగా జిల్లా కమిటీకి వెళ్ళవచ్చు. వృద్ధుని చేతిలోని కాగితం నాటికి ఏడు వారాలు దాటిన పాతది. యువకుడు పుటలను ఒక్కొక్కటిగా తెరచి, గంటకు పైగా వెదికి, చివరకు దానిని పట్టుకున్నాడు. ఆ యువకుడికి ఓపిక లేకపోయినా, ఆ పూట కరెంటు లేకపోయినా గడువు దాటిపోయి ఉండేది.

అదే పుటలో సాక్ష్యాల పట్టిక ఉంది. నేలను చదును చేయడం, గట్లు వేయడం వంటి శాశ్వతమైన అభివృద్ధి పనులు సాక్ష్యంగా పనికివస్తాయనీ, ఊరి పెద్దల వాఙ్మూలాన్ని వ్రాసి జతచేయవచ్చుననీ నియమాలలో ఉంది. వృద్ధునికి తండ్రి వేసిన రాతిగట్టు ఉంది. పుటను అనువదించిన వారు ‘గట్టు’ అని వ్రాయలేదు, ‘భూమిపై శాశ్వతాభివృద్ధి’ అని వ్రాశారు. సంస్కృతసమాసం మీద నాకు ద్వేషం లేదు, దానిమీదే బ్రతికినవాణ్ణి. కాని ఆ సమాసానికి అనుక్రమణిలో ‘గట్టు – చూడు: సాక్ష్యాలు’ అని ఒక్క పంక్తి తోడుగా ఉండాలి. పుటలో లేని మాటను యంత్రం ఎన్నటికీ అనుక్రమణిలో చేర్చదు. చేర్చవలసినవాడు వెదకేవాడి మాట తెలిసిన మనిషి.

రెండవ ఉదాహరణ ప్రాణానికి సంబంధించినది. మలేరియాలో ఒక రకానికి ప్రైమాక్విన్ అనే మందు ఇస్తారు; గర్భిణికి దానిని ఇవ్వరాదు. అనుక్రమణిలో ‘గర్భిణి’ అనే ఆరోపం కింద ‘ప్రైమాక్విన్’ పుట సంఖ్య ఉంది. అంతే ఉంది. ప్రత్యయాలు కత్తిరించే పట్టిక ‘ఇవ్వవచ్చు’, ‘ఇవ్వరాదు’ రెంటినీ ‘ఇవ్వ’ అనే ఒకే మొదలుకు తెచ్చింది. ఇంగ్లీషులో నిషేధం వేరే మాటగా నిలుస్తుంది. తెలుగులో అది క్రియ కడుపులో ఉంటుంది. తోక కోస్తే విధినిషేధాలు ఏకమవుతాయి. మీమాంసకులు ఇది వింటే ఏమంటారో! ఇందుకే లూన్ చూపిన పద్ధతి మనకు అతనికంటె ఎక్కువ అవసరం: ఆరోపం పక్కన వాక్యఖండాన్ని, ముఖ్యంగా వాక్యాంతక్రియను, యథాతథంగా చూపాలి. క్రియలను కత్తిరించే పని యంత్రానికి అప్పగించరాదు. నామవాచకాల వరకే ఆ స్వేచ్ఛ ఇవ్వాలి.

ఇక కొండభాషల మాట. అరకు ప్రాంతంలో తెలుగు అందరి మాతృభాష కాదు. కొండదొరల కూబి, కువి, గదబ భాషలు ఉన్నాయి. వివిధ తెగల నడుమ ఆదివాసీ ఒడియా నడుస్తుంది. తెలుగులో ఏరు అంటే ప్రవాహం. కూబిలో ఏరు అంటే నీరు. కువిలో అదే మాట ఏయు. ఒకే ద్రావిడధాతువు కొండ ఎక్కేసరికి అర్థం మార్చుకుంది. కూబి మాట్లాడే ఇంటి పిల్ల ‘ఏరు’ అని వెదికితే వరదల పుట వస్తుంది, తాగునీటి పుట రాదు. ఇది తప్పు అని కూడా యంత్రానికి తెలియదు, ఎందుకంటే దాని లెక్కలో మాట దొరికింది.

ఈ పనికి కావలసిన సామగ్రి మన పూర్వులు కొంత సిద్ధం చేసి పెట్టారు. గిడుగు రామమూర్తి పంతులు సవర భాషకు 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాష మీద 1969లో ప్రకటించిన గ్రంథంలో కథలు, వ్యాకరణంతోపాటు పదసంచయం కూడా ఉంది. ఆయనే కూర్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, 1962 నాటిది, ఒకే వ్యవసాయ వస్తువుకు తెలుగునాట ఊరూరా ఉన్న పేర్లను చూపింది. బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి కోశం 1984 ముద్రణలో 5557 ఆరోపాలకు భాషకొక సూచిక, ఆంగ్లార్థాలకు మరొక సూచిక ఉన్నాయి. కొండ భాషకు కూడా ప్రత్యేక సూచిక అందులో ఉంది. ఈ పుస్తకాలు మన గ్రంథాలయాలలో అలమరల పైవరుసలో ఉంటాయి. ఫోల్డరు అనుక్రమణికి ‘చూడు’ పంక్తులు వ్రాయడానికి వాటిని ఎవరైనా దించారా? నాకు తెలిసినంతలో లేదు. 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషలలో బహుభాషా విద్యను ప్రారంభించినప్పుడు బడి పుస్తకాల కోసం పోగుచేసిన పదాలు కూడా ఈ పనికి వచ్చేవే.

ఇక్కడ రెండు ఆక్షేపాలు రావచ్చు. యంత్రం ఏదో తప్పులు చేస్తుంది గనుక చేతితోనే అనుక్రమణి వ్రాయాలని కొందరు పెద్దలు అంటారు. విశ్వబంధు శాస్త్రి నాయకత్వంలో వైదిక పదానుక్రమకోశం 1935లో మొదలై దాదాపు మూడు దశాబ్దాలు సాగింది. శాకల్యుడు పదపాఠంలో సంధులను విడదీసి పెట్టి ఉండకపోతే ఇంకెంత పట్టేదో. వేదం మారదు గనుక అంత కాలం వెచ్చించినా సార్థకమే. ఈ ఫోల్డరు నెలనెలా మారుతుంది. పింఛను నియమం మారితే పుట మారుతుంది. చేతితో వ్రాసిన అనుక్రమణి పూర్తయ్యేసరికి తప్పవుతుంది. యంత్రం కావాలి. కాదనడం చాదస్తం.

రెండవ ఆక్షేపం యువకులది. ఇప్పుడు కృత్రిమ మేధ అర్థాన్ని బట్టి వెదుకుతుంది, అనుక్రమణి ఎందుకు అంటారు. ఆ సాధనాలు తెలుగులో ఆశ్చర్యకరంగా పనిచేస్తున్న మాట నిజం. ‘కొట్టేసినారు’ అంటే తిరస్కరించారని అవి గ్రహించగలవు. అయితే వాటిలో మెరుగైనవి ఎక్కువభాగం అంతర్జాలం మీద ఆధారపడతాయి. అవి నేర్చుకున్నది వ్రాతలో ఉన్న భాషనుండి. కూబికి, గదబకు వ్రాత అత్యల్పం. మరొక భేదం కూడా ఉంది. అనుక్రమణిని అచ్చువేసి గోడకు తగిలించవచ్చు. చదవగలిగిన మనుమరాలు వేలు పెట్టి చూపవచ్చు, ఏది లేదో కూడా చూడవచ్చు. యంత్రం మనసులో ఏమి లేదో మనకు కనిపించదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పుటలు తిరగడం, పదాలు ఏరడం, సంఖ్యలు వేయడం, వరుసలో పేర్చడం యంత్రానికి వదలాలి. ఆ పనిలో మనం దానితో పోటీపడలేము. రూపాల పట్టిక మాత్రం ప్రాచ్యకళాశాలలు చేయాలి. నుయ్యి, నూతి, ఇల్లు, ఇంటి, ఇండ్లు, తండ్రి, దండ్రి అని ఒకసారి శ్రద్ధగా వ్రాసి ఇచ్చిన పట్టిక అరకుకే కాదు, తెలుగులో ఏ ఫోల్డరుకైనా పనికివస్తుంది. విద్యార్థులు తగ్గి మన కళాశాలలు ఒక్కొక్కటిగా మూతబడుతున్న కాలంలో, ‘సంధులు చదివి ఏం చేస్తావు’ అని అడిగిన తండ్రికి మన విద్యార్థి చూపగలిగిన పని ఇది. భాషాప్రవీణ పట్టా చేతబట్టుకున్నవాడు ఏజెన్సీ గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఔపవిభక్తికాల పట్టిక వ్రాయడం అగౌరవమని ఎవరైనా అంటే, గిడుగు వారు సవర మాట్లాడేవారి వద్ద ఆ భాష నేర్చుకున్నారని గుర్తుచేస్తాను.

‘చూడు’ పంక్తులు వ్రాయడం మాత్రం మన ఒక్కరివల్ల కాదు. పండితునికి పుటలోని మాట తెలుసు. కొండ ఉపాధ్యాయునికి, ఆశా కార్యకర్తకు, సంతలో కూర్చునేవాడికి వెదకేవాడి మాట తెలుసు. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. దానికి ముందు చేయవలసిన చవకైన పని ఒకటి ఉంది. కంప్యూటరు పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి, ఎవరు ఏ మాటతో అడిగారో, దొరికిందో లేదో, ఆ మాటను మార్చకుండా వ్రాయాలి. సంస్కరించి వ్రాస్తే దాని ప్రయోజనం పోతుంది. ఈ మాట నేను చెప్పినప్పుడు ఆ యువకులు ‘మాస్టారూ, తప్పు తెలుగు కూడా వ్రాయాలా?’ అని అడిగారు. జీవితమంతా ఎర్రసిరాతో తప్పులు దిద్దినవాణ్ణి; తప్పుగానే వ్రాయమన్నాను.

దసరా సెలవులకు మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ నోటుపుస్తకంలో పదకొండు పుటలు నిండి ఉన్నాయి. ‘కాఫీ ఎండిపోతంది’, ‘పోడు కాయితం’, ‘గట్టు’, ‘చలిజొరం’, ‘ఏరు’ అన్నీ ఉన్నాయి. చాలావాటికి పుటలు ఫోల్డరులో ఉన్నాయి గనుక ఆ సాయంత్రమే ‘చూడు’ పంక్తులు చేర్చి, యంత్రాన్ని మళ్ళీ నడిపాము. ఒక మాట మాత్రం వేరువేరు చేతివ్రాతలలో నాలుగుసార్లు ఉంది: ఆధారు కార్డులో పేరు తప్పు పడింది. దానికి చూపడానికి ఫోల్డరులో పుటే లేదు. ఎవరు వ్రాయాలో ఇంకా తేల్చుకోలేదు.